ఒక్క కాలికే చెప్పు

క్రీ.పూ. 428 చలికాలం. గ్రీసు దేశంలో ప్లాటియా అనే చిన్న ఊరు. స్పార్టా వైపు సైన్యం ఊరి చుట్టూ జంటగోడ కట్టి కూర్చుంది. లోపల తిండిగింజలు అడుగంటాయి. ఏథెన్స్ నుంచి సాయం వస్తుందన్న ఆశ పోయింది. గోడ దాటి తప్పించుకుందామని మొదట అందరూ అనుకున్నారు కానీ, ఆలోచించే కొద్దీ సగం మంది వెనక్కి తగ్గారు. చివరికి నిలబడ్డది 220 మంది దాకా. నిచ్చెనలకు శత్రువుల గోడ ఎత్తు తెలియాలి. పూత పడని చోట ఇటుక వరసలు లెక్కపెట్టారు. ఒకరి లెక్క తప్పినా ఇంకొకరిది సరిపోతుందని చాలామంది, చాలాసార్లు లెక్కపెట్టారు. వెన్నెల లేని రాత్రి కోసం, గాలీ వానా కలిసి వచ్చే రాత్రి కోసం కాచుకున్నారు. ఆ రాత్రి రానే వచ్చింది. ఆయుధాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు కాకుండా మనిషికీ మనిషికీ ఎడం పెట్టుకుని బయల్దేరారు. ఈ కథంతా రాసిన తుసిడిడీస్ అక్కడ ఇంకొక్క సంగతి చెప్పాడు. బురదలో జారకుండా ఉండటానికి వాళ్లు ఎడమ కాలికి మాత్రమే చెప్పు కట్టుకున్నారట. కుడి కాలు వట్టిది.

212 మంది ప్రాణాలతో ఏథెన్స్ చేరారు. ఒక విలుకాడు కందకం దగ్గర పట్టుబడ్డాడు. కొందరు గోడ దాకా వచ్చి ఊళ్లోకి తిరిగిపోయారు.

గ్రీకుల యుద్ధాల గురించి చదివిన వాళ్లకు డాలు తెలుసు, ఈటె తెలుసు, తురాయి పెట్టిన కంచు శిరస్త్రాణం తెలుసు. సినిమాలు తీసేవాళ్లకూ అవే ఇష్టం. ఆ ఒక్క కాలి చెప్పు దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. ఇటుకలు లెక్కపెట్టినంత జాగ్రత్తగా ఎవరో ఆ రాత్రి కాళ్ల గురించి కూడా ఆలోచించారు. నేల ఎట్లా ఉంటుంది, ఏ కాలు ముందు పడుతుంది, ఏ కాలు బరువు మోస్తుంది, పట్టు ఎక్కడ కావాలి అని కూర్చుని మాట్లాడుకుని ఉంటారు. ప్రాణం పోయేదీ నిలిచేదీ ఆ మాటల మీదే ఉంది.

నేను మొయినాబాద్‌లో ఉంటాను. బడిలో సోషల్ చెప్తాను. జెనోఫన్ అనే గ్రీకు సైనికుడు రాసిన దండు కథను మన పిల్లలకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పాలని కొంతకాలంగా సాయంత్రాలు రాస్తూ వస్తున్నాను. కాళ్ల గురించి నేర్చుకున్నది ఆ పనిలోనే. ఎక్కువ భాగం నేర్పింది మాత్రం పుస్తకాలు కాదు, చేవెళ్లలో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఒక పెద్దాయన.

ముందు పుస్తకాల్లో దొరికింది చెప్తాను. గ్రీకు కుండల మీద సైనికుల బొమ్మలు ఎన్నో ఉన్నాయి. మోకాలి నుంచి చీలమండ దాకా కంచు కవచం కనిపిస్తుంది. దాని కింద పాదం మాత్రం చాలా బొమ్మల్లో వట్టిదే. గ్రీకు కళాకారులకు వీరుల ఒంటిని బట్ట లేకుండా చూపించే అలవాటు ఉంది కాబట్టి బొమ్మను చూసి అందరూ వట్టి కాళ్లతోనే పోరాడారని తేల్చలేం. కానీ బొమ్మలకు తోడు రాతలూ ఉన్నాయి. స్పార్టాలో మగపిల్లలకు చెప్పులు వద్దని అక్కడి చట్టాలు చేసిన లైకర్గస్ కట్టడి చేశాడని జెనోఫనే ఇంకో పుస్తకంలో రాశాడు. వట్టి కాళ్లు రాటుదేలితే కొండ ఎక్కడం తేలిక, దిగేటప్పుడు భయం తక్కువ, దూకడానికీ ఉరకడానికీ మేలు అన్నవి ఆయన చెప్పిన కారణాలు.

మా వైపు నేల ఎరిగిన వాళ్లకు ఇందులో వింతేం లేదు. చేవెళ్ల చుట్టుపక్కల ఎర్రచెల్కా ఉంది, నల్లరేగడీ ఉంది. వాన పడ్డ మర్నాడు పత్తిచేనులో చెప్పులేసుకుని నడవబోతే అడుగడుగుకూ మట్టి అంటుకుని చెప్పు బరువెక్కుతుంది. కాసేపటికి చెప్పు రేగట్లోనే ఉండిపోతుంది, కాలు ఒక్కటే పైకి వస్తుంది. అందుకే రైతులు గట్టు మీదనే చెప్పులు విడుస్తారు. అదే రైతు ఎండాకాలం తుమ్మచెట్ల కింద గొర్ల మంద వెంట పోవాల్సి వస్తే చెప్పు లేకుండా అడుగు వెయ్యడు. వట్టి కాలు మంచిదా, చెప్పు మంచిదా అని ఇక్కడ ఎవరూ అడగరు. ఏ నేల, ఏ పని అని అడుగుతారు. ప్లాటియా వాళ్లు అడిగిందీ అదే. ఒకే రాత్రి, ఒకే మనిషికి రెండు మూడు రకాల పని పడింది, బురదలో నడవాలి, నిచ్చెన ఎక్కాలి, జారితే నిలదొక్కుకోవాలి. ఎడమ కాలే ఎందుకని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. డాలు పట్టిన వైపు కాలు ముందుకు పడుతుంది కాబట్టి దానికి రక్షణ కావాలని కొందరంటారు. వట్టి కాలి వేళ్లు బురదను పట్టుకుంటాయి కాబట్టి కుడికాలిని వదిలేశారని ఇంకొందరు. నాకు రెండో మాటే నచ్చుతుంది, రేగడిలో నడిచినవాణ్ని కనుక.

సోక్రటీస్ కూడా సైనికుడే. పొటిడియా ముట్టడిలో ఆయన ఉన్నాడు. అక్కడి చలికి తోటి సైనికులు బయటికి రావాలంటే కాళ్లకు నమదా, గొర్రెతోలు చుట్టుకుని వచ్చేవాళ్లు. సోక్రటీస్ మాత్రం రోజూ వేసుకునే బట్టలతోనే, వట్టి కాళ్లతో, గడ్డకట్టిన మంచు మీద వాళ్లకంటే తేలిగ్గా నడిచాడని ప్లేటో రాశాడు. అది చూసి సైనికులు మెచ్చుకోలేదు. తమను చిన్నచూపు చూడటానికే అట్లా చేస్తున్నాడని గుర్రుగా చూశారట. ఈ చిన్న సంగతిలో ఎంతో ఉంది. చలికి వణుకుతున్నవాడి ముందు ఒకడు కోరి వట్టి కాళ్లతో నడిస్తే, ఆ కోరికే ఎదుటివాడికి గుచ్చుకుంటుంది.

ఇక నన్ను చేవెళ్ల దాకా తీసుకుపోయిన ఘట్టం. క్రీ.పూ. 401లో పదివేలకు పైగా గ్రీకు కిరాయి సైనికులు పారశీక రాకుమారుడు సైరస్ వెంట బాబిలోన్ దగ్గరి దాకా వెళ్లారు. కునాక్సా యుద్ధంలో సైరస్ చనిపోయాడు. నాయకులను శత్రువులు మోసంతో చంపారు. ఊరు కాని ఊళ్లో మిగిలిపోయిన సైన్యం ఉత్తరానికి, నల్లసముద్రం వైపు నడక మొదలుపెట్టింది. ఆర్మేనియా కొండల్లో మంచు పట్టుకుంది. తెచ్చుకున్న చెప్పులు అప్పటికే అరిగిపోయాయి. అప్పుడే కోసిన ఎద్దుల పచ్చితోలుతో సైనికులు తామే చెప్పులు కట్టుకున్నారు. రాత్రి చెప్పులు విప్పి, కాళ్లు కదిలిస్తూ ఉన్నవాళ్లు బతికిపోయారు. చెప్పులతోనే నిద్రపోయినవాళ్ల కాళ్లలోకి వార్లు దిగిపోయాయి, చెప్పులు పాదాలకు గడ్డకట్టుకుపోయాయి. చలికి కాలివేళ్లు కుళ్లి రాలిపోయినవాళ్లు దారిలోనే మిగిలిపోయారు. జెనోఫన్ ఈ సంగతులన్నీ నాలుగైదు వాక్యాల్లో చెప్పి ముందుకు పోతాడు.

నేను ముందుకు పోలేకపోయాను. వారు కాల్లోకి దిగడం అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలంటే ముందు నాకు తెలియాలి. తోలు సంగతి తెలిసినవాళ్లను అడగక తప్పదు.

హైదరాబాద్ నుంచి బీజాపూర్ పోయే రోడ్డు మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పోతుంది. రెండు వైపులా ముసలి మర్రిచెట్లు, అన్నీ కలిపి దాదాపు 900. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని కొట్టెయ్యొద్దని ఏళ్ల తరబడి జనం పోరాడారు, ఆ పోరాటం న్యాయమైనదని నా నమ్మకం. ఆ రోడ్డు మీదే చేవెళ్లలో ఆ పెద్దాయన కూర్చుంటాడు. ముందర ఇనుప దిమ్మ, పక్కన ఆరె, రంపె, మైనం పూసిన దారం. ఇప్పుడు ఆయనకు వచ్చే పని ఎక్కువగా తెగిన పట్టీలు కుట్టడం, బ్యాగుల జిప్పులు మార్చడం. వాళ్ల నాయన కాలంలో ఇంటి వెనక లంద ఉండేది. తోలును సున్నంలో నానేసి బూరు ఊడదీసి, కడిగి, సంచీలాగా కుట్టి వేలాడదీసి, అందులో తంగేడు చెక్క నీళ్లు పోసి వారాల తరబడి ఊరేసేవాళ్లు. కరక్కాయ కూడా వేసేవాళ్లు. ఆ కంపులో పెరిగానని చెప్పి, "గా కంపు లేకుంటె చెప్పు లేదు సారూ" అన్నాడు.

ఆర్మేనియా కథంతా చెప్పాను. చేతిలో పని ఆపకుండానే విన్నాడు. పచ్చితోలు మాట రాగానే ఆపేశాడు.

"పచ్చితోలా? ఊరెయ్యంది?"

"అవును తాతా. అప్పుడే కోసిన ఎడ్లవి."

"అయితె గంతే మరి. తడిస్తె సాగుతది, ఎండితె గుంజుకుంటది. డప్పును మంట కాడ ఎందుకు కాపుతరు? గుంజుకోవాల్నని. గదే తోలు కాలికి కడితె కాలును గుంజదా?"

బాగుచేయడానికి ఎవరో ఇచ్చిపోయిన డప్పు ఒకటి ఆయన వెనక ఉంది. దానికి మూయగా మిగిలిన పచ్చితోలు ముక్క నీళ్ల డబ్బాలో వేసి ఉంది. అందులోంచి సన్నటి వారు ఒకటి కోశాడు. పక్కన పడి ఉన్న పచ్చి వేపకొమ్మకు దాన్ని వదులుగా చుట్టి ముడేశాడు. నా చేతికిచ్చి జరిపి చూడమన్నాడు. వారు కొమ్మ మీద అటూ ఇటూ తేలిగ్గా జారింది. దాన్ని ఎండలో రాయి మీద పెట్టి, చాయ్ తాగొద్దాం పదమన్నాడు. చాయ్ తర్వాత కూడా చాలాసేపు మాట్లాడుకుంటూ కూర్చున్నాం. ఎండ నెత్తి మీదికి వచ్చాక కొమ్మ తెచ్చి మళ్లీ నా చేతిలో పెట్టాడు. వారు రంగు మారింది, గాజులాగా గట్టిపడింది. గోరు దూర్చడానికి సందు లేదు. రంపెతో కోసి తీసి చూపించాడు. వేపబెరడు మీద చుట్టూరా గాడి పడింది, అందులో తడి మెరుస్తోంది.

"ఇగో, కాలైనా గింతే" అన్నాడు.

తంగేడు చెక్క నీళ్లలో ఊరిన తోలుకు ఈ గుణం పోతుంది. చెక్కలోని ఒగరు తోలు పోగులను పట్టుకుని, తడిసినా ఎండినా వాటిని నిలకడగా ఉంచుతుంది. కుళ్లనివ్వదు, కుదించుకుపోనివ్వదు. రచయిత కంచ ఐలయ్య గారు తన పుస్తకం ఒకదానిలో, తోలు పని చేసే మాదిగలను శాస్త్రవేత్తలని పిలిచారు. ఆ వేపకొమ్మ చేతిలో పట్టుకున్నాక, ఆ పిలుపులో పొగడ్త ఏమీ లేదనీ అది ఉన్న సంగతేననీ నాకు నమ్మకం కుదిరింది. ఏ చెట్టు చెక్క, ఎంత ఒగరు, ఎన్నాళ్ల ఊర అని తరతరాలుగా పరీక్షించి తేల్చుకున్న విద్య అది. మన రాష్ట్ర పుష్పం తంగేడు అని పిల్లలకు పాఠంలో చెప్తాం, బతుకమ్మలో పేరుస్తాం. దాని చెక్క ఏం చేస్తుందో కూడా చెప్పాలి.

ఆ తర్వాత ఆయన ఒక ప్రశ్న వేశాడు. దానికి అక్కడికక్కడ నా దగ్గర జవాబు లేదు.

"గంత ఫౌజుల కుట్టెటోడు ఒక్కడు లేకుండెనా సారూ?"

ఇంటికి వచ్చి ఆ ప్రశ్న పట్టుకుని వెతికాను. జెనోఫన్ ముసలితనంలో పెద్ద సైరస్ చక్రవర్తి మీద ఒక పుస్తకం రాశాడు. చాలామటుకు కల్పన, మంచి రాజు ఎట్లా ఉండాలో చెప్పడానికి రాసింది. అందులో సైన్యం బయల్దేరే ముందు ఏమేం సర్దుకోవాలో చెప్పే భాగం ఉంది. అక్కడ వార్ల గురించి ప్రత్యేకంగా రాశాడు. మనిషికైనా గుర్రానికైనా దాదాపు అన్నీ వార్లతోనే కట్టి ఉంటాయి, అవి తెగితే పని అంతటితో ఆగిపోతుంది, కాబట్టి అదనంగా తీసుకెళ్లాలన్నాడు. కమ్మరులను, వడ్రంగులను, తోలు పనివాళ్లను పనిముట్లతో సహా జీతమిచ్చి వెంట తీసుకుపోవాలన్నాడు. మంచులో కాలివేళ్లు రాలిపోవడం కళ్లారా చూసినవాడి మాటలని నేను అనుకుంటున్నాను. చేవెళ్ల పెద్దాయన వేసిన ప్రశ్న ఆ సైనికుణ్ని కూడా ఏళ్ల తరబడి తొలిచి ఉంటుంది.

అదే జెనోఫన్ ఇంకొక చోట, కూర్చుని చేతిపనులు చేసేవాళ్ల శరీరాలు పాడవుతాయనీ, ఆ పనులకు ఊళ్లో గౌరవం లేకపోవడం సబబేననీ సోక్రటీస్ చేత చెప్పించాడు. చెప్పు లేక సైనికులు నాశనమవడం చూశాడు, చెప్పు కుట్టేవాడు వెంట ఉండాలని తెలుసుకున్నాడు, అయినా ఆ మనిషికి గౌరవం ఇవ్వడానికి మనసొప్పలేదు. ఇది చదివితే నాకు గ్రీసు దూరంగా అనిపించలేదు.

అసలు సోక్రటీస్ అట్లా అనుకున్నాడో లేదో గానీ, ఏథెన్స్ సంతచావడి అంచున సైమన్ అనే చెప్పులు కుట్టే అతని కొట్టుకు ఆయన పోయి కూర్చునేవాడని, వాళ్ల మాటలను సైమన్ రాసి పెట్టేవాడని తర్వాతి కాలపు పుస్తకాలు చెప్తాయి. ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ అంతటివాడు పోషిస్తాను రమ్మంటే, నోరారా మాట్లాడే స్వేచ్ఛను అమ్ముకోనని సైమన్ పోలేదట. 1950లలో అమెరికా పురావస్తు శాస్త్రవేత్తలు అక్కడ తవ్వితే ఒక ఇంట్లో చెప్పుల అడుగున కొట్టే ఇనుప మేకులు, దారం దూర్చే ఎముక రింగులు, సైమన్ పేరు గీసిన ఒక గిన్నె అడుగు దొరికాయి. చెప్పులు తొడగని మనిషి చెప్పుల కొట్లో కూర్చోవడం నాకు చాలా ఇష్టమైన బొమ్మ. పిల్లల పుస్తకంలో దానికి ఒక పూర్తి పేజీ ఇచ్చాను.

ఇఫిక్రటీస్‌కు మాత్రం ఒక అధ్యాయమే ఇవ్వాలి. ఆయన ఏథెన్స్ సేనాని. చెప్పులు కుట్టే అతని కొడుకని పేరు. క్రీ.పూ. 390లో కొరింథ్ దగ్గర లెఖాయన్ రేవు బయట, తేలిక ఆయుధాల సైనికులను తీసుకుని 600 మంది స్పార్టా దళం మీద పడ్డాడు. ఈటెలు విసరడం, వాళ్లు తరిమితే వెనక్కి ఉరకడం, వాళ్లు తిరిగితే మళ్లీ పడటం. బరువైన డాళ్లతో తరిమి తరిమి అలసిన స్పార్టా వాళ్లలో 250 మంది దాకా చనిపోయారు. స్పార్టాను ఎవరూ కొట్టలేరన్న నమ్మకం ఆ రోజు బీటలు వారింది. తర్వాతి కాలంలో ఆయన సైనికుల సరంజామానే మార్చాడు. డాలు చిన్నది చేశాడు, ఈటె పొడుగు చేశాడు, కాళ్లకు తేలిగ్గా ఉండే, సులువుగా విప్పుకోగలిగే జోళ్లు చేయించాడు. ఆ జోళ్లకు ఆయన పేరే పెట్టి జనం పిలుచుకున్నారని చరిత్రకారుడు డయోడరస్ రాశాడు. గొప్ప వంశంలో పుట్టిన ఒకాయన పుట్టుక ఎత్తి వెక్కిరిస్తే, నా వంశం నాతో మొదలవుతోంది, నీది నీతో ముగుస్తోంది అన్న అర్థంలో ఇఫిక్రటీస్ జవాబిచ్చాడట.

సులువుగా విప్పుకోగలిగే జోళ్లు. ఆర్మేనియా మంచులో పోయిన కాళ్లను తలుచుకుంటే ఆ ఒక్క గుణం ఎంత పెద్దదో తెలుస్తుంది. చెప్పుల కొట్లో పెరిగినవాడికి ఆ ఊహ రావడంలో ఆశ్చర్యం లేదు. కవచాల మధ్య పెరిగినవాళ్లకు అది రాలేదు.

మన దేశం సంగతికి వస్తే, అలెగ్జాండర్ నౌకాదళాన్ని నడిపిన నియార్కస్ ఇక్కడి జనం తెల్లతోలు చెప్పులు తొడుగుతారనీ, మనిషి పొడుగ్గా కనిపించడానికి వాటి అట్టలు మందంగా ఉంటాయనీ రాసినట్టు చరిత్రకారుడు ఆరియన్ చెప్తాడు. విల్లును నేల మీద ఆనించి ఎడమకాలితో అదిమి బాణం వేస్తారని కూడా అక్కడే ఉంది. ఉత్తరాది శిల్పాల్లో సూర్యుడికి మోకాళ్ల దాకా జోళ్లుంటాయి. దక్షిణాది సూర్యుడి పాదాలు వట్టివే. వేడి దేశంలో ఉండేవాడికి జోళ్లెందుకని మన శిల్పులు అనుకున్నారేమో. మళ్లీ అలెగ్జాండర్ సంగతికి వస్తే, ఏకధాటి నడకకు అతని గుర్రాల గిట్టలు అరిగిపోయాయనీ, సైన్యం వెనక్కి తిరగడానికి అట్లాంటి అలసట కూడా కారణమనీ డయోడరస్ మాటల్లో కనిపిస్తుంది. గుర్రాల విషయంలోనే, ఆర్మేనియాలో ఒక ఊరిపెద్ద జెనోఫన్ దండుకు ఒక ఉపాయం నేర్పాడు. మంచులో గుర్రాల కాళ్లకు చిన్న సంచులు కట్టండి, లేకపోతే పొట్ట దాకా కూరుకుపోతాయి అని. ఆ నేల మీద బతికేవాడికి తెలిసిన సంగతి, దండెత్తి వచ్చినవాడికి తెలియదు.

ఇదంతా పెద్దాయనకు విడతలు విడతలుగా చెప్తూ వచ్చాను. స్పార్టా పిల్లలు చట్టం ప్రకారం చెప్పులు తొడగరని చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. కాసేపాగి ఇట్లా అన్నాడు:

"మా నాయిన కుట్టిన చెప్పులు దొర కాళ్లకు ఉండె. మా నాయిన కాళ్లకు లేకుండె."

నిజాం కాలపు తెలంగాణ పల్లెల్లో వెట్టి ఎట్లా నడిచిందో చదువుకున్నవాళ్లకు ఈ మాట కొత్త కాదు. తోలు పనివాళ్లు దొరకూ, ఊరి అధికారులకూ చెప్పులు, మోటకు తోలు బొక్కెన, ఎడ్లకు పగ్గాలు ఊరికే చేసివ్వాలి. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఇవన్నీ ఉన్నాయి. దొర గడీ ముందు నుంచి పోవాల్సి వస్తే కింది కులాల వాళ్లు చెప్పులు విప్పి చేత పట్టుకునో, చంకలో పెట్టుకునో పోవాలి. మా నాయనమ్మ కూడా ఇట్లాంటివి చెప్పేది, ఎవరి ఊరు, ఎవరి గడీ అని ఎన్నడూ పేరెత్తేది కాదు. ఆంధ్ర మహాసభ వెట్టికి ఎదురు నిలిచింది. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన మహాసభకు అధ్యక్షుడు ఈ ప్రాంతం మనిషే, మా పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి. మా జిల్లాకు ఆయన పేరే పెట్టారు. 1946లో సాయుధ పోరాటం మొదలయ్యాక గడీల ముందు ఆ కట్టడి ఊరూరా కూలుతూ వచ్చింది. వడిసెలలు, కర్రలు పట్టుకుని దొరల గూండాల మీదికి పోయిన ఆ జనంలో చాలామంది కాళ్లకు చెప్పులు లేవు.

ఆ రోజు పెద్దాయన మాట తర్వాతే నా చదువంతా ఒక దారికి వచ్చింది. అంతదాకా నేను పాదాన్ని రెండు రకాలుగానే చూస్తున్నాను, చెప్పు ఉన్నది, చెప్పు లేనిది అని. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని తెలిసింది. ఆ పాదం వట్టిగా ఉండాలని ఎవరు అనుకున్నారు? ప్లాటియాలో కుడికాలును వదిలేసింది ఆ కాలి యజమానే. సోక్రటీస్ కాళ్లు సోక్రటీస్ ఇష్టం. స్పార్టా పిల్లల కాళ్లు రాజ్యానివి. ఆర్మేనియాలో అరిగిన చెప్పుల వెనక డబ్బు ఆశ చూపి అంతదూరం తీసుకొచ్చి చచ్చిపోయిన ఒక రాకుమారుడు ఉన్నాడు. గడీ ముందు విప్పిన చెప్పు దొరది, అది ఎవరి కాలికున్నా. బొమ్మలో చూస్తే అందరి పాదాలూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా బొమ్మలో కనిపించని చోట ఉంది.

చిలుకూరు మా మొయినాబాద్ మండలంలోదే, ఉస్మాన్‌సాగర్ ఒడ్డున. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. ఎండాకాలం ఆ బండల మీద వట్టి కాళ్లతో చుట్టూ తిరిగే ఇంజనీరింగ్ పిల్లలను చూస్తుంటాను. అరికాళ్లు కాలుతుంటే మునివేళ్ల మీద నడుస్తారు, లెక్క తప్పకుండా చేతిలో కాగితం మీద గీతలు కొడతారు, ఒక్కరూ ఆగరు. చెప్పుల స్టాండు దగ్గర వాళ్ల ఖరీదైన బూట్లు ఉంటాయి, బయటికి రాగానే తొడుక్కుంటారు. ఆ కాళ్ల మంటలో ఒక తృప్తి ఉంది, ఎందుకంటే అది తామే ఎంచుకున్నది. అదే బండల మీద, అదే ఎండలో, పూలూ కొబ్బరికాయలూ అమ్మే ముసలమ్మ కాళ్లకు చెప్పులు లేకపోతే దాన్ని భక్తి అనుకుని పక్కకు పోకూడదు. ఆమెను అడగాలి. నేను అడగడం మొదలుపెట్టాను. కొందరు తెగిపోయాయంటారు, కొందరు అలవాటంటారు, ఒకావిడ మాత్రం "ఇక్కడ ఏసుకుంటె మంచిగుంటదా బిడ్డా?" అని నన్నే అడిగింది. గుడికి దూరంగానే కూర్చుని ఉంది.

బడిలో కూడా దీని వల్ల ఒక మార్పు వచ్చింది. వానాకాలం రేగడి చేల మీదుగా నడిచి వచ్చే పిల్లలు బూట్లు చేతిలో పట్టుకుని వస్తారు. గేటు దగ్గర కాళ్లు కడుక్కుని తొడుక్కుంటారు. బురద మరీ ఎక్కువైన రోజుల్లో చెప్పులతోనో, వట్టి కాళ్లతోనో వస్తామని వాళ్లు అడిగారు. ఆ సంగతి వాళ్లనే తేల్చుకోమని టీచర్లం అందరం ఒప్పుకున్నాం. ఒక్క షరతు పెట్టాం. చెప్పులు లేక వట్టి కాళ్లతో వచ్చే పిల్లలు ఎవరైనా ఉంటే ఆ సంగతి మాకు తెలియాలి. కోరి విప్పినవాళ్ల గుంపులో ఆ పిల్లలు దాగిపోకూడదు. ఇది కాస్త కష్టమైన పని, పిల్లలు ఇట్లాంటివి బయటికి చెప్పుకోరు. కాళ్లు చూడటం అలవాటైన టీచరుకు తెలిసిపోతుంది. పగుళ్లు ఎక్కడున్నాయో, పట్టీ మచ్చ ఉందో లేదో చాలు.

ఆర్మేనియా అధ్యాయం పూర్తయ్యాక మొన్న చేవెళ్ల వెళ్లి పెద్దాయనకు చదివి వినిపించాను. బస్సుల రొదలో గొంతు పెంచి చదవాల్సి వచ్చింది. పక్కన పాన్‌డబ్బా అతను కూడా వచ్చి నిలబడి విన్నాడు. అంతా విన్నాక పెద్దాయన ఒక సవరణ చెప్పాడు. పొద్దున లేచి గట్టిపడ్డ చెప్పులను గుంజి తీశారని నేను రాశాను.

"గుంజితె తోలుతోని కాలి తోలు గూడ వస్తది సారూ. ముందుగాల తడపాలె. మెత్తవడ్డంక వారు కొయ్యాలె. పిల్లలకు గది గూడ రాయుండ్రి. ఎవనికన్న అక్కరకస్తది."

అక్కడే కూర్చుని ఆ వాక్యం మార్చాను. తోలు సంగతులన్నీ మీరు చెప్పినవే, పుస్తకంలో మీ పేరు వేస్తాను, ఒప్పుకుంటారా అని అడిగాను. ఒప్పుకున్నాడు. ఎట్లా వెయ్యమంటారంటే, ఇంటిపేరుతో సహా పూర్తిగా వెయ్యాలన్నాడు. వాళ్ల నాయన పేరు కూడా వెయ్యాలన్నాడు. నా పెన్ను తీసుకుని, కాగితం మీద రెండు పేర్లూ తానే రాసిచ్చాడు.